నవ్వని వరస

సినిమా సమీక్షకులు హాల్లో నవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. అయినా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను నవ్వలేదు. పాపం, ఎంత చెత్త చూసిందో అని జాలిపడకండి. కడుపుబ్బ నవ్వించే సినిమాలు కూడా చూశాను. అప్పుడూ గుడ్లప్పగించి కూర్చున్నాను. నవ్వు రాక కాదు. వచ్చిన నవ్వును మింగడం మా వృత్తి మర్యాద.

ఇంటర్వెల్ లైట్లు వెలగకముందే ఫోన్లో "ఫస్టాఫ్ సోసో" అని కొట్టి పారేసే ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉండొచ్చు. మీకోసమే రాస్తున్నాను. మీకు మాకంటే తొందర ఎక్కువే కానీ, మా అంత మొద్దు మొహాలు మీకు లేవు. అందుకు సంతోషించండి.

నేను ఒక దినపత్రికలో సినిమా పేజీ చూసి, ఈమధ్యే రిటైరయ్యాను. ఇల్లు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో. కిటికీ తెరిస్తే ఎదురు మేడ నుంచి కంప్యూటర్ పాఠాలు ఫీజు లేకుండా వినబడతాయి. ప్రెస్ షోలు వేసే చిన్న ప్రివ్యూ థియేటర్ పంజాగుట్టలో. మెట్రోలో ఒక్క స్టేషన్. కూర్చోవడానికి సీటు దొరికేలోపే దిగిపోవాలి.

ఆ థియేటర్లో మా సమీక్షకులకు ఒక వరస ఉండేది. మధ్యలో పెద్దాయన. ఆయనది కోనసీమ. మా అందరికంటే సీనియరు, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నోట్లో ఒక లవంగం. ఆయన ఐదుకి ఎంత రేటింగు వేస్తే మిగతావాళ్లు దానికి ఒక పావు అటో ఇటో వేసేవాళ్లు. ఆయనకు అటూ ఇటూ వెబ్‌సైట్లవాళ్లు, టీవీవాళ్లు, చివర్లో నేను.

మా ముందు వరసలో పీఆర్వో కూర్చునేవాడు. పీఆర్వో అంటే సినిమావాళ్లకూ పత్రికలవాళ్లకూ మధ్య తిరుగుతూ ఇద్దరిచేతా తిట్లు తినే మనిషి. అందరూ తెర వైపు తిరిగి కూర్చుంటే ఇతను మాత్రం సీటు మీద మోచెయ్యి ఆనించి వెనక్కి తిరిగి కూర్చునేవాడు. వీపు తెరకి, మొహం మాకు. అతని ఉద్యోగం సినిమా చూడటం కాదు, మమ్మల్ని చూడటం. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎవరు ఆవలించారు, ఎవరు ఫోన్ తీశారు, అన్నీ చూసి బయట కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతున్న దర్శకుడికి చెప్పాలి. సమీక్ష అచ్చయ్యేలోపే మా మొహాల్ని చదివేసేవాడన్నమాట.

ఎప్పుడో ఒకసారి మాలో ఒకతను ఏదో సీనుకి కిసుక్కుమన్నాడు. సాయంత్రానికల్లా "విమర్శకులే పడి పడి నవ్వారు" అని పోస్టర్ వచ్చేసింది. మర్నాడు అతని సమీక్షలో సినిమా బాగాలేదని ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి జనం అతన్ని ఆడుకున్నారు. ఆ రోజు నుంచి పెద్దాయన నియమం పెట్టారు. "హాల్లో నవ్వితే రేటింగు బయటపడినట్టే. సమీక్షకుడికి గాంభీర్యం ముఖ్యం" అన్నారు. అందరం తలలూపాం.

ఇక నవ్వు మింగడంలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. పెద్దాయన లవంగం కొరికేవారు. టీవీ అతను పెద్దకూతురి స్కూలు ఫీజు తలుచుకునేవాడు. వెబ్‌సైట్ కుర్రాళ్లకి అంత నిగ్రహం లేదు, మరీ ఆగకపోతే జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని బాత్రూముకి పరిగెత్తేవాళ్లు. అక్కడ గోడకి ఆనుకుని నవ్వుకుని, మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ గంభీరంగా కూర్చునేవాళ్లు. నాకు మాత్రం ఈ విద్య కొత్తగా నేర్చుకోవాల్సిన పనే పడలేదు. ఆడపిల్ల ఇకిలించకూడదని మా నాయనమ్మ చిన్నప్పుడే తొడపాశం పెట్టి మరీ నేర్పింది. వృత్తికి కావలసిన ముఖ్యమైన అర్హత ఇంట్లోనే సంపాదించుకుని వచ్చాను.

ఇలా హాయిగా, అంటే ఏడుపు మొహాలతో, కాలక్షేపం చేస్తుండగా ఆ సూపర్ హీరో సినిమా వచ్చింది.

దర్శకుడికి అదే మొదటి సినిమా. సనత్‌నగర్ కుర్రాడు, నాన్న ఫ్యాక్టరీలో పనిచేశాడు. తీసింది మన అమీర్‌పేట కథే. హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే ఒక పిరికి కుర్రాడు. ఒక వానరోజు కోచింగ్ సెంటర్ హోర్డింగు కింద నిలబడితే కరెంటు షాకు కొడుతుంది. పొద్దున్నే లేచేసరికి మంచం మీద కాకుండా మంచానికి పైన ఉంటాడు. ఎగరగలడు. కానీ వాడికి ఎత్తులంటే చచ్చేంత భయం. అందుకని మోకాలెత్తుకు మించి ఎగరడు. సిగ్నల్ పడితే ఆటోల మధ్య గాల్లోనే ఆగుతాడు. కుక్కలు తరుముతాయి. ఒక ట్రాఫిక్ పోలీసు హెల్మెట్ ఏదని అడుగుతాడు.

ఇంత వెటకారం సినిమాకి గుండెకాయ లాంటిది ఒక అవ్వ సీను. హాస్టల్లో వంటచేసే అవ్వ ఆ కుర్రాడు గాల్లో ఉండగా చూస్తుంది. అరవదు, దండం పెట్టదు. "ఎట్లాగు గాల్ల ఉన్నవ్ గద, గా అటక మీది పప్పు డబ్బా తియ్యి" అంటుంది. వాడు అంత పైకి ఎగరలేనంటాడు. ఆవిడ విసుక్కుని తనే స్టూలెక్కి డబ్బా తీసుకుంటుంది. ఎగిరే సూపర్ హీరో ఏమో స్టూలు కదలకుండా కింద పట్టుకుంటాడు. ఆ తర్వాత ఆవిడ కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతూ ఒక మాట అంటుంది. "పైకెగిరేటోళ్లు మస్తుమంది ఉన్నరు బిడ్డ. కింద వడ్డోన్ని లేపాలంటే కిందనే ఎగిరేటోడు గావాలె." అని తన పాత పూల దుప్పటి తీసి వాడి మెడకు కడుతుంది. సినిమా అంతా వాడికి అదే రెక్కల అంగీ. నా దృష్టిలో వాడు సూపర్ హీరో అయింది కరెంటు షాకుతో కాదు, ఆ దుప్పటితో.

ఆ అవ్వ వేషం వేసినావిడని అంతకుముందు కొన్ని వందల సినిమాల్లో చూసి ఉంటాం, కానీ ఎవరం చూడలేదు. పెళ్లి సీనులో అక్షింతలు వేసే గుంపులో, చావు సీనులో ఏడ్చే గుంపులో ఉంటుంది. కెమెరా హీరోయిన్ మొహం మీదకి వెళ్లేటప్పుడు ఆమె భుజం ఒక్క క్షణం అడ్డం వస్తుంది, అంతే. మాటలున్న వేషం ఆమెకి అదే మొదలు.

ప్రెస్ షో గురువారం మధ్యాహ్నం వేశారు. శుక్రవారం విడుదల. మోకాలెత్తు ఎగిరే దృశ్యాలకే మా వరస ఇబ్బంది పడటం మొదలుపెట్టింది. పెద్దాయన దవడ ఆగకుండా ఆడుతోంది. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని దగ్గు నటిస్తున్నాను. ఎదురుగా పీఆర్వో రెప్పవాల్చకుండా చూస్తున్నాడు. ఇంతలో అవ్వ స్టూలెక్కింది. సూపర్ హీరో స్టూలు పట్టుకున్నాడు. ఇక వెబ్‌సైట్ కుర్రాళ్లు ఆగలేకపోయారు. ఒకరి తర్వాత ఒకరు, జేబురుమాళ్లు మూతికి పెట్టుకుని, తలలు వంచుకుని, పీఆర్వో ముందు నుంచే తలుపు తోసుకుని బాత్రూముకి పోయారు. వెనకాలే టీవీ అతనూ పోయాడు. ఆరోజు స్కూలు ఫీజు కూడా అతన్ని కాపాడలేదు.

షో అయ్యాక ఎప్పటిలాగే ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాం. రేటింగులు తేలేది అక్కడే. "ఎంత వేస్తున్నారు సార్?" అని ఎవరో అడిగారు. పెద్దాయన బిస్కెట్ చాయ్‌లో ముంచారు.

"బాగానే ఉంది. కానీ తేలిక సినిమా అండీ. తేలిక సినిమాకి మూడు వేస్తే మనం తేలికైపోతాం. రెండు ముప్పావు" అన్నారు.

రెండు ముప్పావు అంటే మా భాషలో, చూస్తే చూడండి, తర్వాత మమ్మల్ని అడగొద్దు అని. అందరూ ఆ చుట్టుపక్కలే వేశారు. "సూపర్ హీరోకి ఎలివేషన్ లేదు" అని ఒకరు, "ఎగరాల్సినంత ఎగరలేదు" అని ఇంకొకరు రాశారు. ఆ రెండో వాక్యం రాసినవాడు ఎంత మురిసిపోయాడో, అది ఇంకో నాలుగు సమీక్షల్లో కూడా కనబడింది. నేను మూడుంపావు వేశాను. అయితే ఒక్క విషయంలో అందరం ఏకమయ్యాం. అవ్వ సీను సినిమాకి ప్రాణం అని ప్రతి సమీక్షలోనూ ఉంది. నేనైతే ఒక పేరా మొత్తం ఆ సీనుకే ఇచ్చాను. ఆ సీను కోసమైనా టిక్కెట్టు కొనండి అని కూడా రాశాను.

శుక్రవారం మార్నింగ్ షో అయిందో లేదో మా ఎడిటర్ ఫోన్ చేశాడు.

"ఏవండీ, మీరు నిజంగా సినిమా చూశారా?"

"అదేం ప్రశ్నండీ?"

"అవ్వ సీను ఎక్కడుందని పాఠకులు ఒకటే ఫోన్లు. సినిమాలో అసలు అవ్వే లేదంటున్నారు."

వేరే సినిమాకి వెళ్లుంటారులే అనుకున్నాను. ఇంతలో ఒక వెబ్‌సైట్ తన సమీక్షలోంచి ఆ పేరా చప్పుడు కాకుండా పీకేసింది. నాకు ఒళ్లు మండింది. మ్యాట్నీకి టిక్కెట్టు కొనుక్కుని అమీర్‌పేటలో హాలుకి పోయాను.

నా వెనక రెండు వరసలూ గోలగోలగా ఉన్నాయి. బల్కంపేటలో ఒక గల్లీ మొత్తం దిగింది, పిల్లాజెల్లా అందరూ. వాళ్ల నడుమ పట్టుచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, అవ్వ వేషం వేసిన ఆవిడ. చేతిలో మా పత్రిక. సినిమా పేజీ పైకి వచ్చేలా మడిచి పెట్టుకుంది.

సినిమా మొదలైంది. కుర్రాడు గాల్లో తేలాడు, గల్లీ ఈలలు వేసింది. వెనక నుంచి ఒకామె అడుగుతోంది.

"అక్కా, నువ్వెప్పుడొస్తవ్?"

"జర ఆగుండ్రి. గీ పోలీసాయన పోయినంక నేనే."

పోలీసు పోయాడు. అవ్వ రాలేదు. ఉన్నట్టుండి కుర్రాడు మెడకు పూల దుప్పటి కట్టుకుని రోడ్డు మీద కనబడ్డాడు. "గీ దుప్పటి యాడికెళ్లి వచ్చింది రా?" అని హాల్లో ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఆ నవ్వు సినిమా కోరుకున్న నవ్వు కాదు.

"అక్కా, ఇంటర్వెల్ అయినంకనా?"

"అయినంకనే గావచ్చు" అంది ఆవిడ. చేతిలో పత్రికని ఇంకో మడత పెట్టింది.

ఆఖర్లో హాస్టల్ పిల్లలందరికీ టిఫిన్ పెట్టే షాటు ఒకటుంది. గుంపులో ఒక చెయ్యి, ఆ చేతిలో గరిటె. "గదో, గది నేనే" అంది ఆవిడ గబగబా. గల్లీవాళ్లు చప్పట్లు కొట్టారు. మర్యాదస్తులు. ఆ చప్పట్లు విని నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగ ధర్మం ప్రకారం దాన్ని కూడా మింగాను.

బయట మెట్ల దగ్గర ఆవిడని పట్టుకుని, ఆ సమీక్ష రాసింది నేనే అని చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ పత్రిక విప్పి నాకే చూపించింది.

"మేడమ్, గిందుల రాసింది నేను జేసిన సీనేనా? నాదే అనుకొని అందర్ని తోలుకొచ్చిన."

"మీదేనమ్మా. నిన్న చూశాను. ఎంత బాగా చేశారో."

"మరి ఎందుకు తీసేసిండ్రు? మంచిగ జెయ్యకపోతినేమో. ఇన్నేండ్లు వెనకాల నిలవడ్డ, మాట్లాడుడు నాకేం ఎరుక?" అంది. అంతలోనే నన్నే ఓదార్చింది. "పోనియ్యి మేడమ్. మీరు రాసిండ్రు, గంతే సాలు. మీరు ఫికర్ జేయకుండ్రి."

నేను ఫికర్ చేయకుండా ఉండే మనిషిని కాను. ఆవిడ ఫోన్ నంబర్ తీసుకుని, తిన్నగా మెట్రో ఎక్కి పంజాగుట్టలో ఆ సినిమా ఆఫీసుకి పోయాను. దర్శకుడు గడ్డం మాసిపోయి కుర్చీలో కూలబడి ఉన్నాడు. పక్కనే పీఆర్వో.

"అవ్వ సీను ఎందుకు కోశారయ్యా?" అన్నాను నిలబడే.

"మీరే గద మేడమ్ కొయ్యమన్నది" అన్నాడు దర్శకుడు.

"మేమా!"

పీఆర్వో గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నేను నా కండ్లతోటి చూసిన. సినిమా మొత్తం ఒక్కలు సుత నవ్వలే. అవ్వ సీనుకైతే సగం వరస లేసిపోయింది. ముక్కులు మూసుకొని పోయిండ్రు. గా సీను గంత కంపు గొట్టిందా అని నాకే బాధయింది."

"నిడివి ఎక్కువుందని డిస్ట్రిబ్యూటర్లు ముందుకెళ్లి అంటనే ఉన్నరు" అన్నాడు దర్శకుడు. "రెండు కాపీలు తయారు పెట్టుకున్న. ఒక దాంట్ల అవ్వ ఉంది, ఇంకో దాంట్ల లేదు. ప్రెస్ షో చూసి ఏది పంపాల్నో డిసైడ్ చేద్దామనుకున్న. మీరందరు లేసిపోయిండ్రని ఈ భాయ్ చెప్పంగనే అవ్వ లేనిది పంపిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండూ చెయ్యకపోవడం వల్లే ఇంత జరిగింది.

"వాళ్లు బాత్రూములో నవ్వుకోవడానికి వెళ్లారయ్యా!" అన్నాను.

ఇద్దరూ నన్ను అదోలా చూశారు. నవ్వుకోవడానికి బాత్రూముకి వెళ్లే మనుషులుంటారని వాళ్లకి నమ్మకం కలగలేదు. నిజం చెప్పాలంటే, నోటితో అన్నాక నాకూ కలగలేదు.

"మరి సమీక్షలు? అందరూ ఆ సీను బాగుందనే కదా రాశారు?"

"రాతలదేముంది మేడమ్, మొహమాటానికి సుత రాస్తరు" అన్నాడు పీఆర్వో. "నా సర్వీసుల నేను నమ్మింది మొహాలనే. మొహం అబద్ధం చెప్పదు."

అతను చెప్పింది సమీక్షకుల గురించి. సమీక్షకుల మొహాలు అబద్ధం చెప్పడానికే పెట్టుకున్నవని అతనికి ఎలా వివరించను?

దర్శకుడు తల పట్టుకున్నాడు. "మేడమ్, ఇప్పుడు గా సీను కలిపి పంపితే, మీ లెక్క జనం సుత లేసిపోతే? ఇదే నా ఆఖరి సినిమా అయితది. మీరు నవ్విండ్రని నేనెట్ల నమ్మాలె?"

"రేపు పొద్దున మళ్లీ షో వెయ్యి. వచ్చి నవ్వుతాం" అన్నాను.

నోరు జారిందని రోడ్డు మీదకొచ్చాక తెలిసింది. సాయంత్రం ఇరానీ హోటల్లో మావాళ్లందరికీ విషయం చెప్పాను. గల్లీవాళ్ల చప్పట్ల గురించి, ఆవిడ అన్న మాటల గురించి కూడా చెప్పాను. కుర్రాళ్లు తలలు వంచుకున్నారు. పెద్దాయన మాత్రం నిటారుగా కూర్చున్నారు.

"నవ్వడానికి పిలిపించుకుంటారా? మనమేమన్నా పెళ్లి బ్యాండా? నేను రాను."

"సార్, ఆవిడకి మాటలున్న వేషం ఇదే మొదటిది. బహుశా ఇదే చివరిది కూడా."

"మీకు అర్థం కాదమ్మా" అన్నారు. చాయ్ సగం వదిలేసి లేచి వెళ్లిపోయారు. మనిషికి ఇంత గాంభీర్యం పనికిరాదని నాకు చాలా కోపం వచ్చింది.

శనివారం పొద్దున మళ్లీ అదే థియేటర్, అదే వరస. మధ్య సీటు ఖాళీ. లైట్లు ఆరే సమయానికి పెద్దాయన వచ్చి ఎవరినీ పలకరించకుండా అందులో కూర్చున్నారు. దర్శకుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. పీఆర్వో యథాప్రకారం వెనక్కి తిరిగాడు.

"ఇవ్వాళైనా తెర వైపు కూర్చోవయ్యా బాబూ" అన్నాను.

"నాతోని గాదు మేడమ్. తెర చూస్తే నాకు నిద్రొస్తది."

సినిమా మొదలైంది. మేము నవ్వడం మొదలుపెట్టాం. దానంత ఘోరం నా సర్వీసులో ఇంకోటి లేదు. ఏళ్ల తరబడి వాడని వస్తువు అవసరానికి పనిచేస్తుందా? టీవీ అతను "హా హా" అని విడివిడిగా రెండు అక్షరాలు పలికాడు. ఒక కుర్రాడు పోలీసు రాకముందే నవ్వేసి, పోలీసు వచ్చాక ఊరుకున్నాడు. నా నోట్లోంచి ఏదో వచ్చింది కానీ, పక్కనతను నాకు మంచినీళ్ల సీసా అందించాడు. పీఆర్వో దర్శకుడి వైపు చూసి, చూస్తివా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. దర్శకుడి మొహంలో నెత్తురు లేదు. పట్టుచీరలో మెట్ల మీద నిలబడిన ఆవిడే నా కళ్ల ముందుంది. అయిపోయింది, మా చేతులతోనే రెండోసారి కోసేశాం అనుకున్నాను.

అవ్వ వచ్చింది. పప్పు డబ్బా అడిగింది. విసుక్కుని స్టూలెక్కింది. సూపర్ హీరో వంగి స్టూలు పట్టుకున్నాడు.

అప్పుడు మా వరస మధ్యలోంచి ఒక చప్పుడు వచ్చింది. కీచుమని మొదలై, ఎక్కిళ్లలోకి దిగి, మధ్యలో ఒకసారి గుర్రంలా సకిలించి, మళ్లీ కీచుమంది. సౌండ్ సిస్టమ్ పాడైందేమో అనుకున్నాను. చూస్తే పెద్దాయన. ఇస్త్రీ చొక్కా మడతలు పడి, కళ్లవెంట నీళ్లు కారుతూ, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కీచుమంటున్నారు. లవంగం ఎటో ఎగిరిపోయింది.

అంతటి గంభీరుడి లోపల అలాంటి కూత ఉందని మేమెవరం కలలో కూడా అనుకోలేదు. ముందు ఆయన్ని చూసి నవ్వాం. ఆ నవ్వు గేట్లు తెరిచింది. తర్వాత అవ్వని చూసి నవ్వాం, ఇన్నేళ్లుగా దాచుకున్నదంతా కలిపి నవ్వాం. ఆ నవ్వుల మధ్య అవ్వ దుప్పటి మాట చెప్పింది. హాలంతా ఒక్కసారిగా నెమ్మదించింది. టీవీ అతను ముక్కు చీదాడు.

పీఆర్వో మమ్మల్ని చూసి, మా మొహాల్లో ఏదో తేడా ఉందని గ్రహించి, జీవితంలో మొదటిసారి తెర వైపు తిరిగాడు. "అరే, మస్తుగుంది గదన్నా సీను!" అన్నాడు దర్శకుడితో.

తర్వాత మళ్లీ ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. పెద్దాయన నా వైపు వంగి మెల్లగా అన్నారు. "మొదటి పెళ్లిచూపుల్లో నవ్వానమ్మా. వాళ్లు మళ్లీ కబురు చెయ్యలేదు."

ఇన్నేళ్లుగా మేం మోసిన విమర్శక గాంభీర్యం మొత్తానికి మూలం అదీ. ఒక తప్పిపోయిన సంబంధం. నాకు ఆయన మీద కోపమంతా పోయింది. ఎవరైనా ఎక్కిరిస్తే మా నాయనమ్మలా తొడపాశం పెడదామనుకున్నాను. కానీ ఎవరూ ఎక్కిరించలేదు.

ఆదివారానికి అవ్వ ఉన్న కాపీ హాళ్లకి వెళ్లింది. "ప్రేక్షకుల కోరిక మేరకు కొత్త సీను కలిపాం" అని పోస్టర్లు వేశారు. చూడని సీనుని ప్రేక్షకులు ఎలా కోరుకున్నారో నన్నడగకండి. రేటింగులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పావు కూడా ఎవరూ పెంచలేదు. పరువు పోతుందట. పేరా పీకేసిన వెబ్‌సైట్ మళ్లీ చప్పుడు కాకుండా అతికించుకుంది. సినిమా మరీ విరగబడి ఆడకపోయినా, హాయిగా ఆడింది. దర్శకుడికి ఇంకో సినిమా వచ్చింది.

ఆ ఆదివారం నేనే ఆవిడకి ఫోన్ చేశాను. "మళ్లీ అందరినీ తీసుకురండమ్మా" అన్నాను. ఆవిడ భయపడింది. "మల్ల లేకపోతే మేడమ్? గల్లీల తలెట్ల ఎత్తుకోవాలె?" నేను పక్కన కూర్చుంటానని చెబితే ఒప్పుకుంది.

అదే హాలు, అదే గల్లీ, అదే పట్టుచీర. ఈసారి ఎవరూ నువ్వెప్పుడొస్తవ్ అని అడగలేదు. అడగకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చారట. పోలీసు వచ్చాడు, పోయాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వంటగది తలుపు తెరుచుకుంది. తెర నిండా ఆవిడ మొహం. కుర్రాడి వంక చూసి కళ్లు చిట్లించి, "ఎట్లాగు గాల్ల ఉన్నవ్ గద" అంది.

నవ్వులతో హాలు దద్దరిల్లింది. గల్లీకి గల్లీ సీట్ల మీదకెక్కి నవ్వింది. స్టూలు దగ్గరకొచ్చేసరికి ఎవడో చివరి వరసలోంచి "అవ్వా, నువ్వే సూపర్ హీరో!" అని అరిచాడు. ఆమెని ఎరిగినవాడు కాదు, ఎవరో దారినపోయే మనిషి. నేను పక్కకి తిరిగి చూశాను. ఆవిడ నవ్వడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదురుతుంటే బిగబట్టుకుని, తెరవంకే చూస్తోంది. అచ్చం నాలాగే.

"నవ్వండమ్మా. ఎందుకు ఆపుకుంటారు?" అన్నాను చెవిలో.

ఆవిడ కొంగు కొంచెం తీసింది.

"నేను నవ్వితే మా గల్లోళ్లందరు ఇటు తిరుగుతరు మేడమ్. గా తెర మీదామె ఇంతకాలానికి ముంగటికొచ్చింది. ఆమెనే చూడనియ్యుండ్రి."

నేను కొంగు నడుముకి దోపుకుని నవ్వాను. ఆమె వంతు, నా వంతు, మా నాయనమ్మ వంతు కూడా కలిపి నవ్వాను. ముందు వరసలో ఒక పెద్దమనిషి విసురుగా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు.

చూసుకోనీ అనుకున్నాను.